కొలనులో మంచు పడనివ్వని ఇసాబురో

మా కొండ ఊళ్ళో ఇంటికో కొలను ఉంటుంది. చూరు కిందే, వంటింటి గోడను ఆనుకుని. వేసవిలో దాని ఒడ్డున కూర్చుని ముల్లంగులు కడుక్కుంటాం, అందులో కోయి అనే రంగుమచ్చల చేపలు పెంచుకుంటాం. శీతాకాలం వస్తే పైకప్పు మీద పేరుకున్న మంచునంతా అందులోకే తోస్తాం. కొండలోంచి వచ్చే ఊటనీరు గడ్డకట్టదు గనక మంచు కరిగి కాలవలోకి పోతుంది. చేపలు అడుక్కు చేరి, మేత లేకుండా, కదలకుండా వసంతం దాకా పడుకుంటాయి. మా తాతలు చేసిందీ ఇదే, మేము చేసేదీ ఇదే.

పక్కింటి ఇసాబురో మాత్రం పోయిన శీతాకాలం తన కొలనులో గుప్పెడు మంచు కూడా పడనివ్వలేదు. అందులో గాయం మానని చేప ఒకటి ఉంది. అది వసంతం దాకా బతకాలి. డెబ్బై దాటిన ఆ మనిషికి అంతకు మించిన కోరిక లేదు. ఇంతా చేసి అదేదో పోటీల్లో గెలిచిన చేప అనుకునేరు. మా ఊళ్ళో బడిపిల్లల్ని అడిగినా పారెయ్యమనే చేప.

ఇసాబురో ఆ ఇంటికి మూడో కొడుకు. పొలం పెద్దన్నకు పోయింది. ఇతనికి దక్కింది కొండవాలు మీద ఎందుకూ కొరగాని చిత్తడి నేల. దాన్ని తవ్వి చేపల గుంటలు చేసుకున్నాడు. కొండకు అవతలి ఊరి నుంచి కికుయెను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆవిడ నవ్వితే కళ్ళు కనపడేవి కావు. చేపలతో ఏడాదంతా గడవదు గనక, మంచు మొదలవగానే అతను మైదానంలో సాకే అనే బియ్యపు సారా తయారుచేసే చోటికి పనికి పోయేవాడు. మా ఆయనా పోయేవాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో చలికాలమంటే ఆడవాళ్ళ కాలం. ఇంటి మీది మంచు తొయ్యడం, చేపల్ని కనిపెట్టుకుని ఉండడం అన్నీ మావే. మగవాళ్ళు వసంతంలో తిరిగొచ్చి, మంచు ఎక్కడిదక్కడ మాయమైపోయిన ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు.

కోయి పనిలో అన్నిటికన్నా కటువైనది చేపపిల్లల్ని ఏరడం. తెల్లటి గిన్నెలో పోసుకుని, మచ్చ సరిగ్గా పడనిదాన్ని, వెన్ను వంకరదాన్ని, తెలుపు మాసినదాన్ని తీసి పక్కన వెయ్యాలి. పక్కన వేశామంటే దాని కథ ముగిసినట్టే. వేలల్లోంచి పదులు మిగులుతాయి. ఇసాబురో, ఎగువింటి దెన్‌కిచి ఎదురెదురుగా పీటలు వేసుకుని ఈ పని చేసేవాళ్ళు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు, చిన్నప్పటి నుంచి పోటీదారులు. ఇసాబురో చెయ్యి తడబడగా నేను చూడలేదు. చూసి, తీసి, వేసి, మళ్ళీ చూసేవాడు. నాకైతే ఆ పని చేసిన రాత్రి అన్నం సయించేది కాదు.

ఒక ఏడు కికుయె, అతను పక్కన వేసినవాటిలోంచి ఒకదాన్ని బియ్యం కడిగే గిన్నెలోకి తీసుకుని వంటింటి కొలనులో వదిలేసింది. ఒళ్ళంతా మంచి తెలుపే. నడినెత్తిన ఉండాల్సిన ఎరుపు మాత్రం జారి ఎడమ బుగ్గ మీద పడింది. అది తెలిసి ఇసాబురో ఒంటికాలి మీద లేచాడు. ఏరేవాడి ఇంట్లోనే ఇలాంటిది తిరుగుతుంటే ఊరు నవ్వదా అన్నాడు, దానికి వేసే మేత దండగ అన్నాడు. కికుయె ముల్లంగి తరుగుతూ తలెత్తకుండానే చెప్పింది.

"దాని మేత నా అన్నంలోంచి పెడతాలే. అది నాది."

వారం రోజులు వాళ్ళింట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల చప్పుడు వినపడలేదు. దెన్‌కిచి చెవిన పడితే ఊరుకుంటాడా? కనపడినప్పుడల్లా, "మీ ఇంట్లో బుగ్గకి ఎంగిలి అంటుకున్న పిల్ల ఒకతి ఉందటగా, పెళ్ళి ఎప్పుడు చేస్తున్నావు?" అని అడిగేవాడు. ఇసాబురో ముఖం కందగడ్డలా అయ్యేది. అప్పటి నుంచి అందరి నోటా దాని పేరు బుగ్గమచ్చే.

ఆ మొదటి శీతాకాలం నేనొక విచిత్రం చూశాను. కికుయె తన పైకప్పు ముందువాలు మీది మంచును కింద ఉన్న కొలనులోకి తొయ్యకుండా, తొట్టిపారలో ఎత్తి, నడికప్పు దాటించి, వెనకవాలు నుంచి కొండ పక్కకు పారబోస్తోంది. ఒక పని మూడు పనులు చేసుకోవడం. నీకేమైనా పిచ్చా అని నేను కింద నుంచి అరిచాను. అది ఇంకా అరచేతంత కూడా లేదు, నీళ్ళు మంచుముద్ద అయిపోతే తట్టుకోలేదు, ఈ ఒక్క చలికాలం గట్టెక్కితే చాలు అంది. ఆ సంగతి మొగుడికి ఎప్పుడూ చెప్పుకోలేదు. చెబితే మళ్ళీ గొడవ.

ఇసాబురోకి జబ్బు చేపల్ని బాగుచేస్తాడని పేరు. ఎవరైనా కబురు పెడితే వెళ్ళి ముందు చేపను చూసేవాడు కాదు. కొలను ఒడ్డున చతికిలబడి నీళ్ళను చూస్తూ కూర్చునేవాడు. చెయ్యి ముంచి వాసన చూసుకునేవాడు. కింద వేడినీటి బుగ్గల దగ్గర ఒక సత్రం ఉంది. ఆ సత్రం యజమాని తన చేపలన్నీ ఒరిగి పడుకున్నాయని హడావిడిగా పిలిపించాడు. ఇసాబురో కర్రతో అడుగు కెలికితే కుళ్ళిన ఆకులూ, నాని ఉబ్బిన బిస్కట్లూ నల్లగా పైకి తేలాయి. అతిథులు ముచ్చటపడి వేస్తుంటే వద్దంటే బాగుండదని ఊరుకున్నాడట ఆయన. పైగా ముందు వారమే సంతలో కొన్న రెండు కొత్త చేపల్ని తెచ్చినవి తెచ్చినట్టు అందులో కలిపేశాడు. కొత్తవాటిని కొన్నాళ్ళు వేరే తొట్టెలో ఉంచి చూడాలని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇసాబురో పనివాళ్ళ చేత అడుగు తోడించాడు. నీళ్ళు ఒక్కసారిగా మార్చనివ్వక, రోజూ కొంత తీసి కొంత పోయించాడు. జబ్బువాటిని ఉప్పునీళ్ళలో ఉంచి, తగ్గేదాకా అక్కడే పడుకున్నాడు. ఎక్కువ భాగం బతికాయి. చచ్చినవాటిని మాత్రం తనే తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చేవాడు, ఎక్కడికి వెళ్ళినా అంతే. గిన్నెలోంచి వేలల్లో తీసి పడేసిన చెయ్యే అది. నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు.

ఆరేళ్ళ కిందట కికుయె పోయింది. కడుపులో పుండు, దాన్ని ఎవరికీ చెప్పకుండా చాలా కాలం మోసింది. పిల్లలు లేరు. ఇసాబురో గుంటలన్నీ వదిలేసి, మంచి చేపలన్నిటినీ దెన్‌కిచికి అప్పగించేశాడు. బుగ్గమచ్చ ఒక్కటే వంటింటి కొలనులో మిగిలింది. అప్పటికది నా ముంజేయి కన్నా పొడుగు. దాన్ని ఎందుకు ఉంచుకున్నావన్నా అని అడిగితే, ఎవరూ అడగలేదు గనక ఉందిలే అన్నాడు. నేను నమ్మినట్టు నటించాను. పొద్దున్నే ఆ ఒడ్డున కూర్చుని బియ్యం కడుగుతూ దానితో మాట్లాడడం మా వంటింటి కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉండేది. ఏం మాట్లాడతాడు, ఈరోజు చలిగా ఉంది, పులుసులో ఉప్పెక్కువైంది, ఇవే. కికుయెతో కూడా అంతకన్నా ఎక్కువ మాట్లాడిన మనిషి కాదు.

కికుయె సంవత్సరీకం నాడు ఏదో మాటల మీద నేనే ఆ మొదటి శీతాకాలం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. చేతిలోని గిన్నె కింద పెట్టేశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"చలికాలమంతానా? ఒక్కతే మోసిందా?"

ఒక్కతే కాక ఇంకెవరున్నారు, నువ్వు సాకే గంగాళాల దగ్గర వెచ్చగా ఉంటివి అన్నాను. నా నోరు అలాంటిది. అతను తల ఊపి లేచి కొలను దగ్గరికి వెళ్ళిపోయాడు.

పోయిన ఏడాది ఆకు రాలే కాలం చివర మామూలుగానే కొంగలు రాకుండా కొలను మీద కప్పిన వల తీసేశాం. ఉంచితే మంచు బరువుకి చిరిగిపోతుంది. వల తీసిన మూడోనాడే కొంగ వచ్చింది. ఇంత పెద్ద చేపను ఎత్తుకుపోలేక వీపు మీద పొడిచి వదిలేసింది. ఇసాబురో కేక విని నేను పరుగెత్తాను. బుగ్గమచ్చ వీపు మీద నా బొటనవేలు పట్టేంత గుంట. కొన్నాళ్ళకే దాని చుట్టూ పొలుసులు లేచి, అంచులు ఎర్రబడి, లోపల తెల్లగా కుళ్ళు పట్టింది.

గడప లోపలి మట్టినేల మీద పెద్ద తొట్టె పెట్టి, ఉప్పు తూచి కలిపి, దాన్ని అందులోకి మార్చాడు. రెండు రోజులకోసారి మందు వెయ్యాలి. తడిగుడ్డ కళ్ళ మీద కప్పి తల పట్టుకోవడం నా పని. కళ్ళు కప్పితే చేప కదలకుండా ఉంటుంది. అతను చిన్న పట్టకారుతో లేచిన పొలుసులు తీసి, కుళ్ళు తుడిచి, ఊదారంగు మందు అద్దేవాడు. ఏరేటప్పుడు తడబడని ఆ చేతులు ఇప్పుడు ఒక్కో పొలుసు దగ్గరా ఆగి ఆగి కదిలేవి. నేను చూడనట్టు పక్కకు తిరిగేదాన్ని. గాయం కొంచెం పూడింది. కానీ అంత చేపకు తొట్టె ఇరుకు. రాత్రుళ్ళు కొట్టుకుని వీపును అంచుకు రాసుకుంటోంది, పూడింది మళ్ళీ రేగుతోంది. చివరికి కొలనులోకే మార్చాడు. ఊట పడే మూలలో నీళ్ళు ఎంత చలిలోనూ ఒకేలా ఉంటాయి. అక్కడ కదలకుండా పడుకుంటే వసంతానికి చర్మం కమ్ముతుందన్నాడు. ఒళ్ళు బాగున్న చేప మంచు పడ్డా ఓర్చుకుంటుంది. వీపు తెరుచుకుని ఉన్నది ఓర్చుకోలేదు. అందుకే మంచు పడనివ్వకూడదు.

మంచు ఆ ఏడు తొందరగా వచ్చింది, ఆగకుండా వచ్చింది. ఇసాబురో పైకెక్కి, ఒకప్పుడు కికుయె చేసినట్టే, ముందువాలు మంచును నడికప్పు దాటించి వెనక్కి పారబొయ్యడం మొదలుపెట్టాడు. దారిన పోయే దెన్‌కిచి చూసి, కొలను ఉండగా ఈ సర్కస్ ఏమిటని అడిగాడు. నీళ్ళు పోయే తూము పూడుకుపోయింది, వసంతంలో బాగుచేస్తానని చెప్పాడు ఇసాబురో. నేను పక్కనే ఉన్నాను. దెన్‌కిచి వెళ్ళాక నిలదీశాను. అబద్ధం ఎందుకు, నిజం చెబితే అతని కొడుకులు వచ్చి సాయం చెయ్యరా అన్నాను. ఇసాబురో చేతి తొడుగు విప్పి తల గోక్కున్నాడు.

"వాడికి మాత్రం చెప్పకు ఫుసా. తీసి పారేసిన చేప కోసం ఇసాబురో ఇల్లెక్కి కూర్చున్నాడని ఊరంతా చాటుతాడు. నన్నంటే పర్వాలేదు. దాన్ని మళ్ళీ ఎంగిలిపిల్ల అంటాడు."

"నువ్వు పడి చస్తే ఎవరు చాటాలి?" అన్నాను.

"కికుయె పడలేదుగా" అన్నాడు.

అప్పుడు కికుయె వయసెంత, నీ వయసెంత అని గట్టిగానే గడ్డి పెట్టాను. వింటే కదా. మాట ఇచ్చాను గనక ఎవరికీ చెప్పలేదు. పొద్దున అతను పైకెక్కడం, మధ్యాహ్నం దిగడం కిటికీలోంచి చూసుకునేదాన్ని. దిగాక కొలను దగ్గర వంగి, ఊట మూలలో తెల్లటి నీడ కదిలిందో లేదో చూసి, నాకేసి చెయ్యి ఊపేవాడు. ఉంది అని. ఆ చెయ్యి ఊపడం కోసం నేను కూడా కిటికీ వదిలేదాన్ని కాదు.

కొత్త సంవత్సరం వెళ్ళిన కొద్ది రోజులకు మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. నాలుగోనాడు తెరిపి ఇచ్చింది. చేమదుంపల పులుసు పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి చూస్తే, అతని పైకప్పు ముందువాలు సగం శుభ్రమై ఉంది, సగం అలాగే ఉంది. నిచ్చెన ఉంది. మనిషి లేడు. పిలిచాను. ఇంకోసారి పిలిచాను. వెనక్కి వెళ్ళి చూద్దునా, నడుంలోతు మంచు. దెన్‌కిచి ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. దెన్‌కిచి, కొడుకులు, ఇంకో నలుగురు పారలతో వచ్చి వెనకవాలు కింద తవ్వారు. ముందు తొట్టిపార దొరికింది. తర్వాత అతను. కాలు జారాడు, అతని వెనకే కప్పు మీది మంచు జారి మీద పడింది. దెన్‌కిచి మంచులో మోకాళ్ళ మీద కూర్చుని అతని ముఖం మీది మంచును చేతుల్తో తుడుస్తూనే ఉన్నాడు. ఇక చాలు నాన్నా అని కొడుకు లేపాల్సి వచ్చింది.

శవాన్ని లోపల పడుకోబెట్టారు. పట్నం నుంచి అతని అన్న కొడుకు వచ్చేదాకా ఉంచాలి. చావు ఇంటికి వచ్చేవాళ్ళకి వంట చెయ్యడం చుట్టుపక్కల ఆడవాళ్ళ పని. నేను ఆ వంటింట్లోనే, కికుయె పొయ్యి దగ్గరే నిలబడ్డాను. పెద్ద గిన్నెల్లో అన్నం, పులుసు, ఊరగాయ ఆకుకూర. కళ్ళు ఏడుస్తూనే ఉన్నాయి, చేతులు తరుగుతూనే ఉన్నాయి. నా తల నాది కాదు. అతని గురించి తప్ప దేని గురించీ ఆలోచించే స్థితిలో లేను. అప్పుడు గోడ అవతల చప్పుడైంది.

దభ్.

మా కొండ మీద ఆ చప్పుడు తెలియని ఆడది లేదు. కప్పు మీది మంచు నీళ్ళలో పడిన చప్పుడు. మళ్ళీ దభ్. మళ్ళీ. నా చేతిలో కత్తి ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా బయటికి పరుగెత్తాను.

పైకప్పు మీద దెన్‌కిచి ఇద్దరు కొడుకులు, కింద దెన్‌కిచి. చావు ఇంటి మీద మంచు ఉంచకూడదు, శవం వెళ్ళే దారి తెరిచి ఉండాలి. ఇరుగుపొరుగు పిలవకుండానే వచ్చి చేసే పని అది. నేనూ ఎన్ని ఇళ్ళకు చెయ్యలేదు? సగంలో ఆగిన ముందువాలు మొత్తం శుభ్రమైపోయింది. కొలను లేదు. కొలను ఉన్నచోట పెరటితో సమానంగా తెల్లటి కుప్ప ఉంది, ఊట మూలతో సహా.

దెన్‌కిచి నన్ను చూసి పార ఆనించి నిలబడ్డాడు. ముసలాడి మీసాలకి మంచు గడ్డకట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తూము పూడిపోయిందన్నాడు కదమ్మా, ముందు దాన్నే చూశాను. ఏం పూడలేదు, శుభ్రంగా ఉంది. అయినా ఇంకోసారి కడిగించా. ఈ తూము కోసమేనా వాడు ఆ పక్కకి వెళ్ళి చచ్చిపోయింది? నాకో మాట చెబితే ఒక పూటలో తీసిపెట్టేవాణ్ణి కదా."

నోటి దాకా వచ్చింది. చెబుదామని నోరు కూడా తెరిచాను. అతని చేతి తొడుగులు తడిసి నీళ్ళు కారుతున్నాయి, ఆ నీళ్ళను తుడుచుకోవడం కూడా మర్చిపోయి నా జవాబు కోసం చూస్తున్నాడు. అరవై ఏళ్ళకు పైబడిన స్నేహానికి చివరగా చేసిన పని అది. దాన్ని నేను ఎలా లాక్కోను?

"చాలా శ్రమపడ్డారు" అన్నాను. "పిల్లల్ని దిగమనండి. లోపలికొచ్చి ఏదైనా వేడిగా తాగండి."

వాళ్ళు లోపలికి వెళ్ళాక వెదురుకర్ర తీసుకుని ఊట మూలను వెతికాను. కర్ర సగం దిగి ఆగిపోయేది. చేతుల్తో తోడాను, వేళ్ళకు స్పర్శ పోయేదాకా తోడాను. తోడినకొద్దీ పక్క నుంచి జారి పడుతూనే ఉంది. లోపల నుంచి ఎవరో నన్ను పిలిచారు, పులుసు మాడుతోందని. వెళ్ళాను.

మంచు కింద కూడా ఊట ఉంటుంది, ఊట ఉంటే మూల కరుగుతుంది, మూల కరిగితే చేప బతుకుతుంది అని ఆ చలికాలమంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఖాళీ ఇంటి పైకప్పు మంచును ఊరివాళ్ళు వంతులు వేసుకుని తోశారు. నా వంతు వచ్చినప్పుడు నేను నడికప్పు దాకా తొట్టిపార మోయబోయాను. రెండోసారికే కూర్చుండిపోయాను. ఒకతి ఆ పని చలికాలమంతా చేసింది, ఒకడు చేస్తూ చచ్చాడు. నా వల్ల కాలేదు.

చెర్రీ మొగ్గలు వేసే వేళకు కొలనులో నీళ్ళు కనపడ్డాయి. బుగ్గమచ్చ ఊట మూలలోనే ఉంది, ఒరిగి, తెల్లగా. అంత చల్లటి నీళ్ళలో ఉండడం వల్ల ఏమీ పాడవలేదు. వల పెట్టి తీసి, ఒడ్డున తడిగుడ్డ మీద పడుకోబెట్టాను. పాత అలవాటుకొద్దీ కళ్ళ మీద కూడా గుడ్డ కప్పాను. అప్పుడు వీపు చూశాను. గాయం లేదు. గుంట ఉన్నచోట లేత గులాబీ రంగు చర్మం అంచు నుంచి అంచు దాకా కమ్మి ఉంది. అతని మందు పని చేసింది.

కికుయె సమాధి పక్కన, ఇసాబురో పేరు కొత్తగా చెక్కిన రాయి వెనక, గుంట తీసి దాన్ని పాతిపెట్టాను. మట్టి చేతుల్తో దిగి వస్తుంటే దారిలో దెన్‌కిచి ఎదురయ్యాడు. గుంటల్లోకి చేపల్ని వదిలే రోజులు, చేతిలో బుట్ట ఉంది. ఇసాబురో చేప బుగ్గమచ్చ ఒకటి మిగలాలే, దాన్ని నేను తీసుకెళ్ళి పెంచుకుంటాను, వాడి గుర్తుగా ఉంటుంది అన్నాడు. బుగ్గమచ్చ అనే అన్నాడు. ఎంగిలిపిల్ల అనలేదు.

కొంగ పొడిచి చంపేసిందని చెప్పాను.

దెన్‌కిచి కొంగల్ని వంశం పేరెత్తి తిట్టాడు. తర్వాత బుట్ట కింద పెట్టి, ఇసాబురో ఇంటి పైకప్పు కేసి చూశాడు.

"పోనీలే. వాడు చూడకుండా పోయాడు, అదే నయం. చూసుంటే తట్టుకునేవాడు కాదు."

అవునన్నాను.